తూర్పు గోడ వేలిముద్ర

ఈ లోకంలో తూకపు గుండును తప్ప దేన్నీ నమ్మకూడదని గోవిందరావు గట్టి అభిప్రాయం. దారం కట్టి వదిలితే అది నిటారుగా దిగుతుంది. మొహమాటపడదు, ఎవరి పక్షానా మాట్లాడదు. మనుషుల సంగతి అలా కాదు. సున్నం బట్టీవాడు పైన తెల్లటి గడ్డలు పేర్చి అడుగున చచ్చిన సున్నం పోస్తాడు. తన దగ్గరే పని నేర్చుకుంటూ పక్క పరంజా మీద పనిచేసే లూకా నోటితో "గురూజీ" అంటాడు గాని, ఈ ముసలాడి చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కళ్ళతో కొలుస్తుంటాడు. అంతెందుకు, ఇంట్లో భార్య మీనాకుమారి కూరలో ఉప్పు తగ్గించి, తగ్గించలేదని మొహం మీదే అబద్ధమాడుతుంది. యాభై ఎనిమిదేళ్ళలో అనుమానపడి చెడిపోయిన రోజు ఒక్కటీ లేదని అతని ధీమా.

అందుకే ఆ సోమవారం పొద్దున రష్మిత స్కూటీ దిగి, హెల్మెట్ అయినా తియ్యకుండా నేరుగా తూర్పు గోడ దగ్గరికి నడవడం చూడగానే, ఏదో మూడిందని అతనికి తెలిసిపోయింది.

ఆ అమ్మాయిది వరంగల్ వైపు. తాతల కాలంలో రైల్వే పనికి వచ్చిన తెలుగువాళ్ళు స్థిరపడిన ఈ పరాయి రాష్ట్రపు ఊళ్ళో, హిజ్లీలోని ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పాత కట్టడాల మీద పరిశోధన చేస్తోంది. రైల్వే కాలనీలో నిద్రగన్నేరు చెట్ల కింద వరసగా ఉన్న ఏడు పాత బంగళాల బాగోగులు చూడటానికి ఒక కమిటీ వేశారు. దానికి ఆమె సలహాదారు. ఆ బంగళాల బయటి రూపం ఇసుమంతైనా మారకూడదు. గోడలకు సిమెంటు తగలకూడదు. కట్టిన రోజుల్లో ఎలా చేశారో అలాగే సున్నం, ఇసక, ఇటుక పొడి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపి గోడలకు పూతగా గిలాబా చెయ్యాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుక కుళ్ళిపోతుందట. ఈ ముక్క ఆ అమ్మాయి మొదటిరోజు కాగితం చూసి చదువుతుంటే గోవిందరావుకు నవ్వొచ్చింది. అతని మేనమామ అదే మాట తాపీతో మొట్టికాయ వేసి నేర్పాడు. ఊళ్ళో సున్నపు గిలాబా తెలిసిన మేస్త్రీ ఇప్పుడు అతనొక్కడే. కమిటీ ఫోటో అంటించి ఇచ్చిన కార్డు అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఒక బంగళా పూర్తి కావస్తోంది. ఇంకా ఆరున్నాయి. ఆ ఆరూ చేసి తాపీ కడిగి పెట్టేయాలని అతని కోరిక.

"మేస్త్రీగారూ, ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది" అంది రష్మిత. "ఉత్తరం గోడ బాగుంది. తూర్పు గోడల సిమెంట్ ఉంది."

గోవిందరావు నవ్వాడు. "నా గోడలో సిమెంటేటి మేడమ్? మీ మిషనీ ఏదో తప్పు సెప్పుంటాది."

"నేను గూడ అట్లనే అనుకొని రెండోసారి చేయించిన. మూడు చోట్ల గీకిన శాంపిల్. మూడింటిలో ఉంది."

అతని నవ్వు ఆగిపోయింది. గోడ వైపు చూశాడు. మీగడ రంగులో, ఎండ పడితే మెత్తగా మెరుస్తూ, తొమ్మిది రోజుల కష్టం. కింద మూలలో, నేలకు జానెడు ఎత్తున, తొమ్మిది బొటనవేలి ముద్రలు వరసగా ఉన్నాయి. ఏ రోజు పని ఆ రోజు ముగించే ముందు, చివరి తడి మీద ఎడమ బొటనవేలు ఒత్తడం అతని అలవాటు. మేనమామ నేర్పిందే. పని నాది, మంచైనా చెడైనా నన్నడగండి అని గోడకు చెప్పుకోవడం అన్నమాట. చిన్నప్పుడు కత్తిపీట తెగి ఆ వేలికి నిలువునా గాటు పడింది. అందుకే అతని ముద్ర నడిమికి చీల్చిన శనగబద్దలా ఉంటుంది.

ఈలోగా కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు శ్రీనివాస్ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఊళ్ళోని ఖరిదా పేటలో పుట్టి పెరిగినవాడు. గోవిందరావును మామా అంటాడు. సంగతి విని గ్లాసు పక్కన పెట్టేశాడు.

"గురువారం కమిటీ వొస్తాది మామా. ఎవలు కలిపినారో అప్పటికి నాకు పేరు కావాల. పేరు నేకపోతే మొత్తం పనే పోతాది. నీ కార్డూ పోతాది."

"ఎవరో కావాలనే కలిపిన్రు అని నేనంటలేను" అంది రష్మిత. "ఎట్ల వచ్చిందో తెలవాలె, అంతే."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. గోవిందరావు, శ్రీనివాస్, పరంజా మీదనుంచి లూకా, ముగ్గురి చూపులూ ఒకేచోటికి వెళ్ళాయి. సున్నపు గుంట పక్కన, రేకుల నీడలో, పోలమ్మ కాళ్ళు చాపుకుని ఇటుకలు దంచుతోంది. ఇనప కట్టు వేసిన రోకలి, రాతి పళ్ళెం, ముందు ఎర్రటి పొడి కుప్ప. సున్నం తడపడం, పొడి జల్లించడం, బెల్లం నానబెట్టడం, అన్నీ కలిపి తట్టలకెత్తడం ఆవిడ పనే. గిలాబా గోడ మీదికి రాకముందు దాన్ని తాకేది ఆవిడ చేతులొక్కటే.

ఉత్తరం గోడకూ తూర్పు గోడకూ మధ్య ఏం మారింది? గోవిందరావు మనసు గుర్తులన్నీ తిరగేసింది, ఒకచోట ఆగింది. రెండు వారాల కిందట ఖరిదా బజారుకు వెళ్ళినప్పుడు పోలమ్మ గుమ్మంలో సిమెంటు బస్తా ఉంది.

"దాని గుమ్మంలో సిమెంటు బస్తా సూసినాను" అన్నాడు గొంతు తగ్గించి. "ఇంటికోసం తెచ్చుకున్నాదో, పని తొందరగా తెమలాలని మూటకట్టి ఇక్కడికే తెచ్చినాదో నాకు తెల్దు. సూసిన మాట సెప్పినాను."

శ్రీనివాస్ తలాడించాడు. రష్మిత ఏదో అనబోయి గోడ వైపు తిరిగింది. పోలమ్మ ఇటు చూసి, అందరూ తనవైపే చూస్తున్నారని గ్రహించి, రోకలి ఆపి చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. గోవిందరావు మాత్రం గుండె మీది బరువు ఇంకొకరి నెత్తికి ఎత్తినట్టు తేలికపడ్డాడు. ఆ తేలికకు తర్వాత ఎంత సిగ్గుపడ్డాడో అతనికే తెలుసు.

మంగళవారం అతను పరంజా ఎక్కలేదు. పడమటి గోడకు లూకాను తోలి, తాను సున్నపు గుంట దగ్గర ఇటుక మీద చతికిలబడ్డాడు. పోలమ్మ జల్లెడ పడితే జల్లెడలోకి చూశాడు. తట్ట బోర్లిస్తే తట్ట అడుగు తడిమాడు. బెల్లం నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఆవిడ భోజనం సంచీ గాలికి కాస్త కదిలితే, అందులో ఏముందో లేచి చూసినంత పని చేశాడు.

పోలమ్మకు యాభై దాటాయి. మనిషి పొట్టి, మాట పొడుగు. పదకొండేళ్ళుగా అతని పనుల్లో సున్నం తడుపుతోంది. పొద్దుటినుంచి అతన్ని ఓరకంటితో గమనిస్తూ ఊరుకుంది. చివరికి జల్లెడ కిందపెట్టేసింది.

"ఏటన్నా, నన్ను కాపలా కాస్తన్నావేటి?"

"పని సూస్తన్నాను."

"పదకొండేళ్ళు సూడనోడివి ఇయాల సూస్తన్నావు." మళ్ళీ రోకలి ఎత్తింది. "సూసీవోడివి ఈ ఇటికలు సూడు. ఈ కొత్త కుప్ప వొచ్చిన కాణ్ణుంచీ రోకలి ఎగురుతున్నాది. మంచి ఇటికైతే మెత్తగా కూలిపోవాల. ఇందులో కొన్నున్నాయి, కొడితే మణికట్టు జివ్వుమంటాది. ఆ దినమే సెప్పినాను నీకు. సిమెంటు పెళ్ళలు అంటుకునున్నాయి, ఏరీమంటావా అంటే ఏటన్నావు?"

ఏమన్నాడో అతనికి గుర్తుంది. 'ఆ ఇటికలు నువ్వు పుట్టకముందు కాల్సినవి. నోరుమూసుకు దంచు' అన్నాడు. ఉత్తరం గోడ అయ్యాక ఆ కుప్పను ఏరికోరి తెచ్చింది తనే. పాత లైను క్వార్టర్లు కూలగొడుతుంటే, ప్రతి ఇటుక మీదా పాత రైల్వే కంపెనీ అక్షరాలు అచ్చువేసి ఉండటం చూసి, ట్రాక్టరు పిలిచి దగ్గరుండి ఎత్తించాడు. అతని తండ్రి వర్క్‌షాప్‌లో ఖలాసీగా ఉన్నప్పుడు వాళ్ళకిచ్చిన క్వార్టరు ఆ వరసలోదే. కంపెనీ అక్షరాలున్న ఇటుకకు వంక పెట్టే ఆడమనిషి మాట అతను ఎందుకు వింటాడు? తప్పు చేసినవాళ్ళే ముందుగా పక్కదాని మీద నెడతారని ఇప్పుడు కూడా అనుకున్నాడు.

మధ్యాహ్నం శ్రీనివాస్ సామాన్ల గదిలోంచి కేకేశాడు. బల్ల మీద హిందీలో టైపు చేసిన కాగితం, పక్కన స్టాంపు డబ్బా. గోవిందరావు కాగితం అందుకుని చదివాడు. రైల్వే బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివినవాడు, హిందీ బాగానే వస్తుంది. తూర్పు గోడ గిలాబాలో తాను మేస్త్రీకి చెప్పకుండా సిమెంటు కలిపానని, అందుకు తానే బాధ్యురాలినని పోలమ్మ చెబుతున్నట్టుగా ఉంది. అడుగున సాక్షి సంతకానికి ఒక గీత.

పోలమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. సున్నంతో తెల్లబడిన వేళ్ళు ఎంత కడిగినా నల్లబడవు.

"ఏటి బాబూ ఇది?"

"ఆఫీసు కాగితం దీదీ. గురువారం కమిటీ వొస్తాది గదా. వేలిముద్ర ఎయ్యాల."

ఆవిడ కాగితం మీదికి వంగింది గాని, ఆవిడకది గోడ మీది చారల కంటే ఎక్కువేం కాదు. తలెత్తి గోవిందరావును చూసింది.

"నువ్వు సదివినావా అన్నా?"

"సదివినాను."

"ఎయ్యమంటావా?"

బయట లూకా గోడమీద నీళ్ళు చిలకరిస్తున్న చప్పుడు వినపడింది. చెప్పాలంటే ఆ క్షణంలో చాలా చెప్పొచ్చు. గోవిందరావు తన జేబులో కార్డు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు.

"ఎయ్యి" అన్నాడు.

ఆవిడ బొటనవేలు సిరాకద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తి, నలగకుండా పైకి తీసింది. ఎక్కడెక్కడ వేలిముద్ర వేస్తూ బతికిందో, చాలా శుభ్రంగా వేసింది. దాని పక్కన గోవిందరావు సాక్షి సంతకం పెట్టాడు. అతని సంతకం ఎప్పుడూ చివర్లో పైకి లేచి ఉంటుంది, ఆ రోజు కిందికి జారింది.

బుధవారం పోలమ్మ రాలేదు. రాలేదనడం తప్పు. వచ్చింది, గేటు దగ్గర కాపలావాడు పాసు లాక్కుని వెనక్కి పంపేశాడు. లూకా ఆ సంగతి చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా పరంజా ఎక్కాడు. లూకా తన గురించి ఏమనుకుంటున్నాడోనని గోవిందరావుకు ఇంకో అనుమానం మొదలైంది.

సున్నం గుంటలో ఉంది, ఇసక ఉంది, పొడి లేదు. కొత్త మనిషిని రేపు పంపుతానన్నాడు శ్రీనివాస్. పని ఆగకూడదు కాబట్టి గోవిందరావే రేకుల నీడలో కూర్చుని రోకలి పట్టాడు. తాపీ పట్టి నలభై ఏళ్ళు దాటినవాడికి రోకలి కొత్త. నాలుగు ఇటుకలు కూలాయి. అయిదోదాని మీద రోకలి ఎగిరింది. మణికట్టు జివ్వుమంది.

ఆగాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎగిరింది.

ఇటుక పక్కన ఒక బూడిదరంగు పెళ్ళ అంటుకుని ఉంది. చూస్తే కాలానికి నల్లబడిన సున్నంలాగే ఉంది. తాపీ మొన పెట్టి గీశాడు. సున్నమైతే తెల్లగా రాలాలి. ఇది రాలలేదు, తాపీ మొన వంగింది. లేచి కుప్ప దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క ఇటుకా తీసి చూడసాగాడు. ఒకటి మంచిది. ఒకటి మంచిది. ఇంకోదాని మీద పెళ్ళ. మళ్ళీ మంచిది. మళ్ళీ పెళ్ళ. ఇన్ని రోజులూ ఇవన్నీ రోకలి కింద పడి, పొడిగా జల్లెడ దిగి, బెల్లం నీళ్ళతో కలిసి, తన చేతుల మీదుగా తూర్పు గోడకెక్కాయి. పోలమ్మ చెప్పింది. చెప్పిందాన్ని నోరుమూయించాడు.

అప్పటికైనా అతని మనసు వంక వెతుక్కుంది. పాత క్వార్టర్లకు ఎవరో అడ్డమైన మేస్త్రీ సిమెంటుతో అతుకులేసి ఉంటాడు. తప్పు వాడిది. ఇలా అనుకుంటూ అరచేయంత మందపు పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఏదో మూలకు వేసిన అతుకు అది. మట్టి తుడిచాడు.

పెళ్ళ అంచున బొటనవేలి ముద్ర ఉంది. నడిమికి నిలువునా గాటు.

గోవిందరావు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తన ఎడమ బొటనవేలు ఆ గుంటలో పెట్టాడు. పెరిగి లావెక్కిన వేలు అంచుల్లో కాస్త పట్టేసింది గాని, గాటు మీద గాటు సరిగ్గా కూర్చుంది. తమ క్వార్టరు వెనక బట్టలుతుక్కునే గట్టుది అది. తాపీ చేతికొచ్చిన మొదటి ఏడు, అమ్మ కాళ్ళు జారుతున్నాయంటే, ఎక్కడో మిగిలిన సిమెంటు తెచ్చి తనే వేసిన అతుకు. దానికీ ముద్ర వేసి, అమ్మను పిలిచి చూపించుకున్నాడు.

ఇన్నాళ్ళూ అందర్నీ అనుమానించాడు. ఒక్కణ్ణి మాత్రం వదిలేశాడు.

ఆ పెళ్ళను తువ్వాలులో చుట్టి భోజనం సంచీలో పెట్టాడు. ఇంటికి వెళ్ళేదారిలో మలంచా రోడ్డు మీద మురుక్కాలువ దగ్గర రెండుసార్లు ఆగాడు. విసిరేస్తే బుడుంగుమంటుంది, అంతే. ఆరు బంగళాలు మిగిలి ఉన్నాయి. కార్డు మిగిలి ఉంటుంది. పోలమ్మకు ఇంకోచోట ఏదో పని దొరక్కపోదు. వెనకనుంచి బస్సు హారను కొడితే ఉలిక్కిపడి నడిచాడు.

గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మీనాకుమారి సంచీ అందుకుని, బరువుకు తడబడింది.

"ఏటిది, రాళ్ళు తెచ్చినావు?"

"అక్కడెట్టు. ముట్టుకోకు."

ముట్టుకోవద్దంటే ముట్టుకునే రకం ఆవిడ. తువ్వాలు విప్పి, పెళ్ళను వెలుతురుకు తిప్పి చూసింది. భర్త వేలు ఆవిడకు తెలియనిదా. ముద్ర వైపు చూసి, అతని చేతి వైపు చూసి, పెళ్ళను బల్ల మీద పెట్టింది.

"సాయంత్రం పోలమ్మ కాడికి ఎల్లినాను" అంది. "వాకిట్లో కూకున్నాది. ఆ సిమెంటు బస్తా సూసినాను. స్నానాలగదికి మెట్టు కట్టుకుందామని తెచ్చుకున్నాదంట. కుట్టు కూడా ఇప్పనేదు. ఎలాగొచ్చినాది అలాగే ఉన్నాది."

"నన్నేటైనా అన్నాదా?"

"నిన్ననడానికేటున్నాది? అన్న సదివినాడు గదా, ఎయ్యమన్నాడు, ఏసినాను అన్నాది. అందులో ఏటి రాసినారని నన్నడిగినాది." ఆవిడ గొంతు గట్టిపడింది. "ఏటి రాసినారు?"

అతను కంచం ముందు కూర్చున్నాడు గాని, కూరలో ఉప్పు తగ్గిందో లేదో కూడా తెలియలేదు.

గురువారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఖరిదా వెళ్ళాడు. పోలమ్మ వాకిలి ఊడుస్తోంది. అతన్ని చూసి చీపురు ఆపలేదు. అతను నిలబడే తువ్వాలు విప్పి పెళ్ళ చూపించాడు, వేలు పెట్టి చూపించాడు, కాగితంలో ఏం రాసుందో చెప్పాడు. ఆవిడ అంతా విని, చెత్త ఓ పక్కకు తోసింది.

"తెలిసే ఎయ్యమన్నావు."

"తెలిసే."

"నాకు సెప్తే ఏటి లాబం? ఎక్కడ రాసినారో అక్కడ సెప్పు."

"అందుకే ఎల్తన్నాను. నువ్వూ రా."

"నీ ఎనకాల రాను" అంది. "నా దారిన నాను వొస్తాను."

పదకొండింటికి బంగళా వరండాలో కమిటీవాళ్ళు ముగ్గురు, రష్మిత, శ్రీనివాస్ కూర్చున్నారు. పోలమ్మ గేటు బయట నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడింది. కాపలావాడు లోపలికి రానివ్వలేదు. శ్రీనివాస్ ఫైలు తెరిచి ఆ హిందీ కాగితం తియ్యబోతుండగా గోవిందరావు మెట్లెక్కి, తువ్వాలు విప్పి, పెళ్ళను సరిగ్గా ఆ ఫైలు మీదే పెట్టాడు.

"ఏటి మామా ఇది?" అన్నాడు శ్రీనివాస్ కంగారుగా.

"సిమెంటు. తూర్పు గోడలోకి ఎల్లింది ఇదే." రష్మిత వైపు తిరిగాడు. "మేడమ్, ఎలాగొచ్చినాదో తెలవాలన్నారు మీరు. ఇటికపొడిలోంచి వొచ్చినాది. కూల్చిన క్వార్టర్ల ఇటికలు నానే తెచ్చినాను. వాటికి సిమెంటు అంటుకునున్నాదని పోలమ్మ ముందే సెప్పినాది. నోరుముయ్యమన్నాను. ఈ అతుకు ఏసింది కూడా నలభై ఏళ్ళ కిందట నానే. ఇదిగో ముద్ర."

రష్మిత పెళ్ళను దగ్గరికి తీసుకుని చూసింది. లేచి మెట్లు దిగి, తూర్పు గోడ మూలకు వెళ్ళి, తొమ్మిది ముద్రల పక్కన పట్టి చూసింది. వెనక్కి వచ్చేటప్పుడు నడక నెమ్మదించింది. కమిటీలో పెద్దాయనకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మామా, ఆలోసించి మాటాడు" అన్నాడు శ్రీనివాస్ లోగొంతుకలో. "కాగితం తయారుగా ఉన్నాది. నీ సాక్షి సంతకం ఉన్నాది."

"ఆ సంతకం గురించే వొచ్చినాను. ఇలాగియ్యి."

కాగితం తీసుకుని, పోలమ్మ ముద్ర కింద మిగిలిన ఖాళీలో హిందీలో రాశాడు. పైన రాసింది అబద్ధం, చదివి తెలిసే నేను వేయించాను, ఇటుకలు తెచ్చింది నేను, తప్పు నాది. అక్షరాలు కోడిగెలికినట్టు వచ్చాయి గాని చదవడానికి వస్తాయి.

"సంతకం పెట్టు" అన్నాడు శ్రీనివాస్ విసుగ్గా.

"సంతకం కాదు. ఆ సిరా డబ్బా ఇలా తే."

ఎనిమిదో తరగతి చదివిన గోవిందరావు, జన్మలో మొదటిసారి, కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆవిడంత శుభ్రంగా రాలేదు, ఒక అంచు అలుక్కుపోయింది. అయినా నడిమి గాటు స్పష్టంగా పడింది. రష్మిత పెళ్ళను ఆ ముద్ర పక్కనే ఉంచి, రెండూ కనపడేలా ఫోనులో ఫోటో తీసింది.

"తూర్పు గోడ మొత్తం గీకాలె మేస్త్రీగారూ" అంది. గొంతులో జాలి ఉంది, దాన్ని దాచాలని చూసింది. "కార్డు సంగతి కమిటీ వాళ్ళు తర్వాత చెప్తరు. అప్పటిదాంక మీరు గిలాబా చెయ్యొద్దంటున్నరు. లూకా చేస్తడు."

గోవిందరావు జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. లూకా వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. లూకా పరంజా మీద తలవంచుకుని తాపీకి అంటింది గీకుతున్నాడు, ముఖంలో సంతోషం ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆ కుర్రాడి కళ్ళలో ఏం చూశాడో తనకే అర్థం కాలేదు.

"పోలమ్మ?" అని అడిగాడు.

పెద్దాయన శ్రీనివాస్‌తో హిందీలో రెండే ముక్కలు అన్నాడు. శ్రీనివాస్ "ఠీక్ హై సార్" అని లేచి, పాసు పట్టుకుని స్వయంగా గేటు దాకా వెళ్ళాడు.

పోలమ్మ లోపలికి వచ్చింది. వరండా వైపు రాలేదు, అతని వైపు చూడలేదు. తిన్నగా ఇటుకల కుప్ప దగ్గరికి వెళ్ళి, కొంగు నడుముకు దోపి, గొంతుక్కూర్చుంది. ఒక ఇటుక తీసి ఇంకోదానితో కొట్టింది. చెవి పెట్టి విని, మంచిదని కుడివైపు పెట్టింది. మరొకటి కొట్టింది. ఎడమవైపు విసిరింది.

గోవిందరావు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకున్నాడు. ఆవిడ తలెత్తకుండానే అంది.

"ఇయాల్టి నుంచి ఇటికలు నానే ఏరతాను. నువ్వు ఏరకు."

"అలాగే."

"కూకుని అందియ్యి. నడుం నొప్పెడతన్నాది."

అతను కూర్చున్నాడు. బొటనవేలికి సిరా ఇంకా ఆరలేదు. కుప్పలోంచి, కంపెనీ అక్షరాలు పొంకంగా ఉన్నదాన్ని, తన కంటికి ఏ వంకా లేనిదాన్ని వెతికి తీసి, రెండు చేతులతో అందించాడు. పోలమ్మ దాన్ని ఇంకో ఇటుకకు తాటించి, విని, ఎడమవైపు విసిరేసింది.

గోవిందరావు ఇంకోటి అందించాడు.